ముల్లు ఎప్పుడు లేస్తోందో ముందు చూడండి, హెడ్ తర్వాత విప్పొచ్చు

ప్రశ్న: మాది విజయనగరం. చీపురుపల్లి దగ్గర ఒక హైస్కూల్లో టీచర్‌ని. మా పెట్రోలు కారు 2013 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, లక్ష కిలోమీటర్లు దాటింది. రోజూ నేనే నడుపుకుంటూ రానూపోనూ 60 కిలోమీటర్ల పైనే తిరుగుతాను. మొన్న సిరిమాను పండగ రోజు ఊళ్లోకి వస్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా లేచి, బానెట్ లోంచి పొగలు వచ్చాయి. నీళ్లు పోద్దామని మావారు రేడియేటర్ మూత తిప్పబోతే పక్కనున్న ఆటో అతను చెయ్యి పట్టుకుని ఆపాడు. అప్పటినుంచి మూడు లాంతర్ల దగ్గరో గంటస్తంభం దగ్గరో పది నిమిషాలు ఆగితే చాలు, ముల్లు లేస్తోంది. ఊరు దాటి వెళ్తుంటే మాత్రం మామూలుగానే ఉంటుంది. ఏసీ కూడా ఆగి ఉంటే చల్లగా రావడం లేదు, వెళ్తుంటే వస్తోంది. పది రోజులకోసారి అర లీటరు నీళ్లు తగ్గుతున్నాయి, ఇంట్లో బోరు నీళ్లే పోస్తున్నాం. వేసవిలో ఫ్యాన్ మోటార్ కాలిపోతే వేరేది వేయించాం. అది తిరుగుతోంది, కళ్లారా చూశాను. ఒక మెకానిక్ థర్మోస్టాట్ వాల్వ్ తీసేశారు, గుణం కనపడలేదు. ఇంకొకాయన ఆయిల్ మూత విప్పి తెల్లటి మీగడలాంటిది చూపించి, హెడ్ గ్యాస్‌కెట్ పోయింది, హెడ్ విప్పాలి, ముప్పై వేల దాకా అవుతుంది అన్నారు. నమ్మాలా? ఇంటి దగ్గర మేం చూసుకోగలిగింది ఏమైనా ఉందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టీచరుగారూ, ముప్పై వేలు ఇప్పుడే పెట్టకండి. హెడ్ గ్యాస్‌కెట్ అంటే ఇంజిన్ పైభాగానికీ (అదే హెడ్) కింది దిమ్మకీ మధ్య సిలిండర్ గ్యాసూ నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే పలచటి పొర. అది బాగుందని ఇక్కడ కూర్చుని నేను హామీ ఇవ్వలేను గానీ, పోయిందనడానికి మీ ఉత్తరంలో గట్టి ఆధారం ఒక్కటీ కనపడలేదు. అది కాదనిపించే ఆధారాలు మాత్రం రెండు ఉన్నాయి. ఆ రెండూ మీరే రాశారు.

కారు హీట్ అవుతోందని ఎవరొచ్చినా నేను ముందు అడిగే మాట ఒక్కటే: ఎప్పుడు? ఆగి ఉన్నప్పుడా, వేగంగా పోతున్నప్పుడా, ఘాట్ ఎక్కుతున్నప్పుడా, పొద్దున్న స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకేనా? ఇది తేలకుండా పార్టులు మార్చుకుంటూ పోతే డబ్బు పోతుంది, రోగం ఉన్నచోటే ఉంటుంది. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో అప్పుడు పెద్దగా పని ఉండదు. బండి ఆగిందంటే మాత్రం ఫ్యానే దిక్కు. అందుకని ఆగినప్పుడే వేడెక్కి, కదిలితే తగ్గే బండికి చాలా సార్లు లోపం గాలి వైపు ఉంటుంది. రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడో, బరువుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడో వేడెక్కితే లోపం నీళ్ల వైపు: రేడియేటర్ లోపల పూడుకుపోవడం, వాటర్ పంప్ అరిగిపోవడం, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కి వదిలే వాల్వ్) సరిగ్గా తెరుచుకోకపోవడం. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కాసేపటికే ముల్లు లేస్తే లోపల నీళ్లు లేకపోవచ్చు, థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుపోయి ఉండవచ్చు, గ్యాస్‌కెట్ కూడా కావచ్చు.

గ్యాస్‌కెట్ పోయిన ఇంజిన్ బరువు పడేకొద్దీ ఎక్కువ బాధపడుతుంది. గుర్ల, గరివిడి మీదుగా 70లో పోతున్నంతసేపూ నిమ్మళంగా ఉండి, గంటస్తంభం దగ్గర ఊరికే నిలబడినప్పుడు వేడెక్కడం దాని తీరు కాదు. ఇది మొదటి ఆధారం.

రెండోది ఏసీ. అది వేరే గొడవ అనుకుని మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకు మాత్రం మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే. ఏసీకీ ముందువైపు రేడియేటర్ లాంటి జాలీ ఒకటి ఉంటుంది, దాన్ని కండెన్సర్ అంటారు. అది సరిగ్గా రేడియేటర్‌కి ముందు నిలబడి ఉంటుంది. రెండిటి గుండా పోయే గాలి ఒకటే. ఆగినప్పుడు ఇంజినూ వేడెక్కి, ఏసీ చల్లదనమూ తగ్గి, కదలగానే రెండూ కుదుటపడుతున్నాయంటే ఆ రెండిటికీ కలిపి అందవలసిన గాలి అందడం లేదు. గ్యాస్‌కెట్ పోతే ఏసీకి ఇలా జరగదు.

'ఫ్యాన్ తిరుగుతోంది కదా' అంటారు. తిరగడం వేరు, గాలి లాగడం వేరు. మూడేళ్ల కిందట నా సొంత బండికే జరిగింది. ఫ్యాన్ మోటార్ కాలిపోతే ఒక షెడ్‌లో వేరే మోటార్ వేయించాను. దాని ప్లగ్ మా వైర్లకు కుదరకపోతే కుర్రాడు వైర్లు కోసి చుట్టి టేపు వేశాడు. నెల రోజులు సరిగ్గా మీలాగే ఇబ్బంది పడ్డాను. ఫ్యాన్ గిర్రున తిరుగుతుంటే దాని మీద అనుమానం ఎలా వస్తుంది? చివరికి తేలిందేమిటంటే వైర్లు తారుమారయ్యాయి. ఇలాంటి మోటార్‌కి ప్లస్, మైనస్ మారితే అది వెనక్కి తిరుగుతుంది. లోపలికి లాగవలసిన గాలిని బయటికి నెడుతోంది. మీ ఉత్తరంలో 'వేసవిలో వేరే మోటార్ వేయించాం' అన్న మాట చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. మీదీ అదేనని ఖాయంగా అనను. కానీ ముందుగా చూడవలసింది అదే. దానికి ఒక్క న్యూస్‌పేపర్ చాలు.

ఆదివారం పొద్దున్నే, బండి రాత్రంతా ఆగి పూర్తిగా చల్లబడ్డాక మొదలుపెట్టండి. చీర కొంగు గానీ చున్నీ గానీ నడుముకి గట్టిగా దోపుకోండి, జడ వెనక్కి ముడేసుకోండి, గాజులూ ఉంగరాలూ తీసి లోపల పెట్టండి. లోహపు గాజు బ్యాటరీ టెర్మినల్‌కి తగిలితే చెయ్యి కాలుతుంది. కొంగు బెల్టులో పడితే ఏం జరుగుతుందో రాయడానికే మనసొప్పడం లేదు. బండి న్యూట్రల్‌లో ఉండి, హ్యాండ్ బ్రేక్ లాగి ఉండాలి. ఇంజిన్ ఆపేశాక కూడా కొన్ని బండ్లలో ఫ్యాన్ దానంతట అదే తిరగడం మొదలవుతుంది. కాబట్టి రెక్కల దగ్గరికి వేళ్లు ఎప్పుడూ పోనివ్వకండి.

మీవారిని లోపల కూర్చోబెట్టి ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వెయ్యమనండి. చాలా బండ్లలో ఏసీ వేయగానే ఫ్యాన్ తిరుగుతుంది, ఇంజిన్ వేడెక్కేదాకా ఆగనక్కర్లేదు. న్యూస్‌పేపర్ లోంచి ఒక్క కాగితం తీసుకుని ముందు గ్రిల్‌కి, ఫ్యాన్‌కి ఎదురుగా, దగ్గరగా పట్టుకుని వదలండి. ఫ్యాన్ రేడియేటర్ వెనక, ఇంజిన్ వైపు ఉండే బండిలో కాగితం గ్రిల్‌కి అతుక్కుని నిలబడాలి. అతుక్కోకుండా మీ వైపు ఎగిరి వస్తే మోటార్ తిరగబడి తిరుగుతున్నట్టే. అప్పుడు ఆ రెండు వైర్లు అటూ ఇటూ మార్చి, చుట్టుడు టేపుతో సరిపెట్టకుండా మంచి కనెక్టర్ వేయించుకుంటే సరిపోతుంది. కాగితం అతుక్కోకా, ఎగరకా నీరసంగా కిందికి జారిపోయిందనుకోండి, గాలి చాలడం లేదు. మోటార్ బలహీనమైనది అయ్యుండాలి, లేదా దాని రెక్కలు మీ బండివి కాకపోవచ్చు, లేదా జాలీలు మూసుకుపోయి ఉండాలి. మీ బండికి రెండు ఫ్యాన్లు ఉంటే రెండూ తిరుగుతున్నాయో లేదో చూడండి. ఫ్యాన్ చుట్టూ ప్లాస్టిక్ డొప్ప ఒకటి ఉంటుంది, మోటార్ మార్చినప్పుడు దాన్ని మళ్లీ బిగించకుండా పక్కన పడేసేవాళ్లు ఉన్నారు. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ లోంచి గాలి లాగకుండా చుట్టుపక్కల సందుల్లోంచి లాక్కుంటుంది.

కాగితం గట్టిగా అతుక్కుందా? అయితే ఏసీ ఆపేసి, ఇంజిన్ అలాగే ఉంచి ముల్లు చూస్తూ ఉండండి. ముల్లు మామూలు చోటికి వచ్చి ఇంకాస్త కదిలేలోపు ఫ్యాన్ దానంతట అదే ఆన్ కావాలి, కాసేపు తిరిగి ఆగాలి. సాధారణంగా ఇది 95 నుంచి 100 డిగ్రీల మధ్య జరుగుతుంది. థర్మోస్టాట్ లేదు కాబట్టి ఈ పరీక్షకి మీకు కాస్త ఎక్కువసేపు పడుతుంది. ఏసీ వేస్తే తిరిగి, ఇంజిన్ వేడికి మాత్రం తిరగకపోతే మోటార్ మంచిదే, టెంపరేచర్ సెన్సర్‌నో, ఫ్యాన్‌కి కరెంటు వదిలే చిన్న స్విచ్ లాంటి రిలేనో చూడాలి. రిలే అయితే ఇంట్లోనే తేలుతుంది. ఫ్యూజ్ బాక్స్‌లో హారన్‌కో ఇంకో దానికో అదే సైజు, అదే నంబరు ఉన్న రిలే ఉంటే దాన్ని మార్చి పెట్టి చూడండి.

ఇప్పుడు జాలీల సంగతి. మీరు రోజూ తిరిగే దారిలో మొక్కజొన్న, ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. ఆ పొట్టూ ఊకా, గనుల లారీల దుమ్మూ, సాయంత్రం పూట గుద్దుకునే పురుగులూ అన్నీ ముందు కండెన్సర్ రేకుల్లోకి, దాన్నీ దాటి కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులోకి పోతాయి. ముందునుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. టార్చి వేసి పైనుంచి ఆ సందులోకి చూడండి. కొన్ని బండ్లలో అక్కడ దుప్పటి పరిచినట్టు మందంగా పొట్టు ఉంటుంది. చల్లటి ఇంజిన్ మీద, ఇంట్లో మొక్కలకు పోసే పైపుతో, ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు పోయండి. వచ్చిన దారినే అది బయటికి పోవాలి కదా. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టి కొట్టనివ్వకండి, ఆ పలుచటి రేకులు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఫ్యాన్ మోటార్ మీద, వైర్ల ప్లగ్గుల మీద నీళ్లు పడకుండా ప్లాస్టిక్ కవర్ కప్పండి. పైపుతో కుదరనంతగా పట్టేసి ఉంటే రేడియేటర్ దించి కడగాలి, అది మెకానిక్ పని. అలంకారానికి ముందు గ్రిల్‌కి వల గానీ, అదనపు లైట్లు గానీ బిగించి ఉంటే తీసేయండి.

నీళ్లు తగ్గడం గురించి చెప్పే ముందు ఆ ఆటో అతని గురించి ఒక మాట. ఆయన మీవారికి చేసిన మేలు చిన్నది కాదు. మా నాన్న సాలూరు లారీ డ్రైవర్. సాలూరు నుంచి కోరాపుట్ వైపు ఘాట్ ఎక్కే రోడ్డు, అప్పట్లో 43వ నంబరు, ఇప్పుడు 26వ నంబరు జాతీయ రహదారి, చిన్నప్పుడు సెలవుల్లో ఆయనతో ఎన్నోసార్లు ఎక్కాను. మలుపుల దగ్గర లారీలు వరసగా ఆగి చల్లారేవి. ఒకసారి మా ముందు లారీ క్లీనర్ కుర్రాడు తొందరపడి మూత తిప్పాడు. నీళ్లు మనిషెత్తున లేచాయి. ముంజేయి నుంచి మెడ దాకా కాలిపోయింది. ఆ కుర్రాడి కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అందుకే ఈ ఒక్క విషయం మాత్రం బతిమాలి చెబుతున్నాను: రేడియేటర్ పైపు చేత్తో పట్టుకుంటే చల్లగా ఉంటే తప్ప ఆ మూత ముట్టుకోవద్దు. గుడ్డ వేసి తిప్పితే ఫరవాలేదనే మాట కూడా నమ్మవద్దు.

ఎందుకలా లేస్తాయంటే, ఆ మూత ఉత్త మూత కాదు. లోపల స్ప్రింగ్ ఉంటుంది. మూత మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది, అంత ప్రెషర్ వచ్చేదాకా నీళ్లను అదిమి పట్టి ఉంచుతుంది. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీళ్లు 0.9 ప్రెషర్ కింద 118 డిగ్రీల దాకా మరగవు. మూత తీసిన క్షణంలో ఆ ప్రెషర్ పోతుంది, లోపలున్న నీళ్లు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి పైకి లేస్తాయి. అదే స్ప్రింగ్ నీరసించినా, రబ్బరు చిట్లినా మూత ఉండీ లేనట్టే. అప్పుడు నీళ్లు ముందే మరిగి, కూలెంట్ డబ్బాలోకి తన్నుకొచ్చి, అక్కడినుంచి పొర్లి రోడ్డు మీద పోతాయి. మీకు పది రోజులకు అర లీటరు తగ్గడం ఇలాగే అయ్యుండవచ్చు. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి రబ్బరు చూడండి. పగిలినా, గట్టిపడినా, తుప్పు పట్టినా అదే నంబరు ఉన్న కొత్తది వేయండి. నంబరు ఎక్కువున్నది వేస్తే మంచిదని ఎవరైనా అంటే వద్దనండి, పాత పైపులు పగులుతాయి. ఇంత చవకైన పార్టు మార్చకుండా హెడ్ విప్పడం నాకు ఎప్పుడూ అర్థం కాదు.

నీళ్లు ఎక్కడికి పోతున్నాయో తేల్చడానికి మీ దగ్గర మంచి అలవాటు ఒకటి ఉండే ఉంటుంది, రిజిస్టర్ రాయడం. బండి మళ్లీ తీయడం మొదలుపెట్టాక, కూలెంట్ డబ్బా మీద ఉండే రెండు గీతల మధ్య నీళ్లు ఎక్కడున్నాయో రోజూ పొద్దున్న స్టార్ట్ చేయకముందు చూసి రాయండి. పక్కనే, నిన్న ట్రాఫిక్‌లో ఆగారా, ముల్లు లేచిందా అన్నది రాయండి. ముల్లు లేచిన మర్నాడే తగ్గుతుంటే అది పొర్లిపోవడం, ఫ్యాన్ బాగైతే అదీ ఆగుతుంది. ముల్లు కదలని రోజుల్లో కూడా తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది. రాత్రి బండి కింద పాత అట్టపెట్టె విప్పి పరవండి. పొద్దున్న తడి ఎక్కడుందో చూస్తే లీకు ఎటువైపో తెలుస్తుంది. పైపుల చివర క్లిప్పుల దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకు దగ్గర, వాటర్ పంప్ కింద తెల్లటి లేదా రంగు మరకలు ఉన్నాయేమో చూడండి. లోపల కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉండి తియ్యటి వాసన వస్తుంటే హీటర్ జాలీ కారుతోంది. లీకు ఆగడానికి రేడియేటర్‌లో పసుపు పోయమని పాత డ్రైవర్లు చెబుతారు. అది నిజంగానే చిన్న చిల్లుల్ని మూస్తుంది. అడవి మధ్యలో ఆగిపోతే ఇల్లు చేరడానికి పనికొస్తుంది గానీ, ఆ పసుపే సన్నటి గొట్టాల్లో కూడా పేరుకుంటుంది. మీ బండికి అసలు వద్దు.

బోరు నీళ్లు మాత్రం ఈ రోజే మానేయండి. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా సున్నం కడుతుంది కదా, అదే ఇంజిన్ లోపల, రేడియేటర్ గొట్టాల లోపల కడుతుంది. సున్నం పొర ఉన్న గొట్టం వేడిని బయటికి పోనివ్వదు. పైగా ఉత్త నీళ్లకు ఇంజిన్ లోపల తుప్పు పడుతుంది. మన దగ్గర నీళ్లు గడ్డకట్టేంత చలి లేదు, నీళ్లలో కలిపే కూలెంట్ ద్రవం ఎందుకు దండగ అని చాలామంది అనుకుంటారు. మనకి కూలెంట్ ముఖ్యంగా కావలసింది తుప్పు ఆపడానికే. మరిగే డిగ్రీ పెంచడం దాని రెండో లాభం. అలాగని నీళ్లు కలపకుండా చిక్కటి కూలెంట్ ఒక్కటే పోసినా తప్పే. వేడిని మోసుకుపోవడంలో నీళ్లకు మించింది లేదు, అందుకే సగం సగం కలపాలి. కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడండి, బ్యాటరీ షాపుల్లో డబ్బాల్లో దొరుకుతుంది. అడిగేటప్పుడు నీళ్లని స్పష్టంగా చెప్పి తీసుకోండి, బ్యాటరీ యాసిడ్ వేరు. తాగే క్యాన్ల ఆర్ఓ నీళ్లు బోరు నీళ్లకంటే నయమే గానీ వాటిలోనూ కొంత లవణం మిగిలి ఉంటుంది. రోడ్డు మీద అవసరానికి పరవాలేదు.

ఇన్నాళ్లూ పోసిన బోరు నీళ్లను మార్చడం మీరిద్దరూ కలిసి ఒక పూటలో చేసుకోగలరు. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి. రేడియేటర్ కింద ప్లాస్టిక్ బిరడా ఉంటే మెల్లగా తిప్పి, లేకపోతే కింది పైపు క్లిప్ తీసి, వెడల్పాటి టబ్బులోకి వంపండి. వచ్చే నీళ్ల రంగు చూడండి. టీ డికాక్షన్‌లా ఎర్రగా ఉంటే తుప్పు, అడుగున తెల్లటి మట్టి దిగితే సున్నం. పాత కూలెంట్ తియ్యగా ఉండే విషం. కుక్కలూ పిల్లలూ తాగే ప్రమాదం ఉంది, వాకిట్లోనో కాలవలోనో పారబోయకండి. మూత ఉన్న డబ్బాలో పోసి షెడ్‌లో పాత ఆయిల్ సేకరించే చోట ఇవ్వండి. మళ్లీ బిగించి డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ వేడి వైపు తిప్పి ఇంజిన్‌ని పది పదిహేను నిమిషాలు నడపండి. చల్లారనిచ్చి వంపండి. వచ్చే నీళ్లు తేటపడేదాకా ఇలా రెండు మూడు సార్లు. సున్నం పోవాలని బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం ఎవరు చెప్పినా పోయకండి, అల్యూమినియాన్ని తినేస్తుంది.

చివర నింపేటప్పుడు ఒక కిటుకు ఉంది. వంపినప్పుడు రేడియేటర్‌లోవే వస్తాయి, ఇంజిన్ లోపల కడిగిన నీళ్లు కొంత మిగిలే ఉంటాయి. అందుకని కలిపి అమ్మే కూలెంట్ పోస్తే అది పలచబడిపోతుంది. బండి పుస్తకంలో మొత్తం ఎన్ని లీటర్లు పడుతుందో చూడండి. నాలుగు లీటర్లు అని ఉంటే కలపని కూలెంట్ రెండు లీటర్లు ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. ఏ రకం కూలెంట్ అన్నది కూడా అదే పుస్తకంలో ఉంటుంది. రంగు చూసి కొనకండి, రెండు రకాలు కలపకండి. తర్వాత గాలి బయటికి పోవాలి. బండి ముందు చక్రాలు కాస్త ఎత్తు మీద ఉండేలా నిలిపి, మూత తీసే ఉంచి, హీటర్ వేడిలో పెట్టి, ఇంజిన్‌ని ఐడిల్‌లో ఉంచండి. బుడగలు వస్తుంటాయి, మట్టం తగ్గుతుంటుంది, పోస్తూ ఉండండి. మొహం మూత మీదికి వంచవద్దు. బుడగలు ఆగి, హీటర్ లోంచి వేడిగాలి వచ్చాక, నీళ్లు పైకి పొంగడం మొదలుపెట్టకముందే మూత బిగించండి. హీటర్ చల్లగాలే ఇస్తూ ముల్లు లేస్తుంటే లోపల గాలి ఇంకా ఇరుక్కుని ఉంది, ఇంజిన్ ఆపి చల్లార్చి మళ్లీ మొదలుపెట్టండి.

నిజానికి ఇదంతా చేసే ముందే కొత్త థర్మోస్టాట్ వేయించుకోండి, లేకపోతే కూలెంట్ మళ్లీ వంపాలి. థర్మోస్టాట్ తీసేస్తే బండి చల్లగా ఉంటుందన్న నమ్మకం మన షెడ్లలో ఇంకా ఉంది. పాత లారీలకు ఏమో గానీ, కంప్యూటర్ పెట్రోలు కొలిచి పంపే మీ బండికి అది నష్టమే. ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ ఇస్తుంది, మైలేజీ పడిపోతుంది. ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే, కొన్ని ఇంజిన్లలో రేడియేటర్‌కి పోకుండా నీళ్లు అడ్డదారిన తిరిగే చిన్న మార్గం ఉంటుంది. ఇంజిన్ వేడెక్కాక ఆ దారిని మూసేది కూడా థర్మోస్టాటే. అది లేకపోతే కొన్ని నీళ్లు చల్లబడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతాయి. అంటే వేడి తగ్గించడానికి తీసిన పార్టు వల్లే వేడి పెరగవచ్చు. కొత్తది మీ మోడల్‌కి కంపెనీ చెప్పిన డిగ్రీదే అడగండి, చాలా బండ్లకు 82 నుంచి 88 మధ్య ఉంటుంది. ఇంటికి తెచ్చాక గిన్నెలో నీళ్లు కాచి అందులో వేసి చూడండి. నీళ్లు మరిగేలోపు అది నోరు తెరవాలి, బయటికి తీస్తే మూసుకోవాలి. మీ పిల్లలకు క్లాసులో చూపించడానికి కూడా ఇంత మంచి ప్రయోగం దొరకదు.

ఇక ఆ తెల్లటి మీగడ. ఆయిల్ మూత అడుగున అది కనిపిస్తే చాలామంది గుండె జారిపోతుంది. నీళ్లు ఆయిల్‌లో కలిస్తే నిజంగానే అలాగే ఉంటుంది. కానీ వానాకాలపు తేమ, సరిగ్గా వేడెక్కని ఇంజిన్, ఈ రెండూ ఉన్నా మూత అడుగున ఆవిరి చేరి అదే రంగులో కనిపిస్తుంది. మీ ఇంజిన్‌కి థర్మోస్టాట్ లేదన్న సంగతి గుర్తుంచుకోండి. తేడా డిప్‌స్టిక్ చెబుతుంది. పుల్ల తీసి చూడండి. దాని మీది ఆయిల్ గోధుమరంగులోనో నల్లగానో తేటగా ఉంటే, మట్టం పెరగకుండా ఉంటే, మూత కింది మీగడకు భయపడనక్కర్లేదు. పుల్ల మీద కూడా మజ్జిగ కలిపిన కాఫీలా ఉంటే మాత్రం బండి ఇక స్టార్ట్ చేయకండి.

గ్యాస్‌కెట్‌కి ఇంట్లో చేసే పరీక్ష ఇంకొకటి ఉంది. చల్లటి ఇంజిన్, రేడియేటర్ మూత తీసి ఉంది, నీళ్లు అంచుదాకా ఉన్నాయి. మీవారిని స్టార్ట్ చేయమని మీరు పక్కనుంచి చూడండి. మొదట్లో ఒకటి రెండు బుడగలు వచ్చి ఆగిపోతే అది ఇరుక్కున్న గాలి. ఆగకుండా సోడాలా బుడగలు వస్తూ, ఆక్సిలరేటర్ తొక్కితే ఇంకా ఎక్కువైతే సిలిండర్ లోంచి గ్యాస్ వస్తోంది. మూత పెట్టి ఉన్నప్పుడైతే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లో, రేడియేటర్ పైపు ఇంకా వేడెక్కకముందే రాయిలా గట్టిపడుతుంది. వెనక గొట్టం లోంచి ఇంజిన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లటి పొగ వస్తుంది. చలికాలం పొద్దున్నే కాసేపు కనపడే తెల్లటి ఆవిరి అది కాదు, అది అందరి బండ్లకూ వస్తుంది. ఈ గుర్తులు కనిపిస్తే కూడా వెంటనే హెడ్ విప్పనివ్వకండి. రేడియేటర్ నోటి దగ్గర పెట్టి చూసే నీలం రంగు ద్రవం పరీక్ష ఉంది, గ్యాస్ తగిలితే అది పసుపు రంగులోకి మారుతుంది. కొన్ని నిమిషాల పని. అది చేసి చూపించమని మర్యాదగానే అడగండి. అది కూడా రుజువైతే అప్పుడు హెడ్ విప్పించండి. విప్పాక హెడ్ వంగిందేమో లేత్ షాపులో సరిచూడకుండా, అవసరమైతే ఫేసింగ్ చేయించి (అడుగు చదును చేయించి) తెచ్చుకోకుండా కొత్త గ్యాస్‌కెట్ బిగిస్తే ఆ ఖర్చు మళ్లీ వస్తుంది.

వాటర్ పంప్‌ని కూడా ఒకసారి చూడండి, ఎక్కువ పని లేదు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు దాని పుల్లీని అటూ ఇటూ కదిపితే ఊగకూడదు, కింద చిన్న రంధ్రం దగ్గర తడి ఉండకూడదు, బెల్టు వదులుగా ఉండకూడదు.

మళ్లీ ఎప్పుడైనా దారిలో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ పూర్తి వేడిలో, కారు లోపలి ఫ్యాన్ పూర్తి స్పీడులో పెట్టండి. ఉక్కపోసినా అద్దాలు దించుకుని భరించండి. ఇంజిన్ వేడి కొంత దాని గుండా బయటికి వస్తుంది. అలాగే మెల్లగా పక్కకు తీయండి. ఎర్రగీత తాకినా, ఆవిరి కనిపించినా వెంటనే ఇంజిన్ ఆపేయాలి, 'ఇంకో కిలోమీటరే కదా' అనుకోవద్దు. ఆ ఒక్క కిలోమీటరులోనే మంచి గ్యాస్‌కెట్లు పోతాయి, హెడ్‌లు వంగుతాయి. ముప్పావు గంటైనా ఆగండి. కాగుతున్న ఇంజిన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించకండి, హెడ్ పగులుతుంది. డిక్కీలో రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్, ఒక టార్చి పడేసి ఉంచుకోండి.

ఆదివారం పరీక్షలు తేలేదాకా, అమ్మా, బండిని స్కూలుకి తీసుకెళ్లకండి. ఊరు దాటాక బాగానే ఉంటుంది నిజమే, కానీ రైలు గేటు పడినా, ఎక్కడ చిన్న ట్రాఫిక్ ఆగినా మళ్లీ అదే కథ. ఈ నాలుగు రోజులూ చీపురుపల్లికి బస్సో, పాసింజరు రైలో ఎక్కండి. ఆదివారం ముందు న్యూస్‌పేపర్ పరీక్ష, తర్వాత డిప్‌స్టిక్, ఆ తర్వాత బుడగలు, ఈ వరసలోనే చూడండి. కాగితం ఏ వైపుకి కదిలిందో నాకు రాయండి, మిగతాది దాన్నిబట్టి చెబుతాను.